పొర మందం ఎంత అని ముందే అడక్కండి

ఈమధ్య బేరింగుల (తిరిగే షాఫ్టుని మోసే భాగాల) మీద ఒక ట్రైనింగ్ క్లాసులో కూర్చున్నాను. స్లయిడ్ మీద ఒక పట్టిక ఉంది. బేరింగ్ రకం, పక్కనే ఆయిల్ పొర మందం. బాల్ బేరింగుకి మైక్రాన్‌లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు నుంచి ఒక మైక్రాన్ దాకా, పెద్ద షాఫ్టులు తిరిగే జర్నల్ బేరింగుకి పదుల మైక్రాన్లు. అంకెలకి వంక పెట్టడానికేం లేదు. వెనక బెంచీలోంచి కొత్తగా చేరిన కుర్రాడొకడు చెయ్యెత్తి, "సార్, మెషిన్ ఆపేస్తే ఈ పొర ఏమవుతుంది?" అనడిగాడు. "ఏమవుతుందయ్యా, అక్కడే ఉంటుంది. ఆయిల్ ఉంది కదా!" అని చెప్పి ఆయన తర్వాతి స్లయిడ్‌కి వెళ్ళిపోయారు.

ఆ జవాబు నాకు మింగుడుపడలేదు. ఆయిల్ ఉండటం వేరు, పొర ఉండటం వేరు. రెండు ఉపరితలాల మధ్య ద్రవం పల్చగా నిలబడి ఉందంటే, ఏదో ఒకటి దాన్ని లోపలికి తెస్తోంది, ఇంకేదో బయటికి నెడుతోంది. ఆ రాకపోకల లెక్క తేలాక మిగిలేదే మందం. జమాఖర్చులు చూపించకుండా ఖాతాలో నిల్వ ఇంత అని చెప్పేస్తే ఎలా ఉంటుందో, పట్టికలో మందం మాత్రమే చూపించడం అలా ఉంటుంది. రేపు ఆ నిల్వ ఉంటుందో ఉండదో దాన్ని చూసి చెప్పలేం. పల్చని పొరల గురించి ఎవరికైనా చెప్పేటప్పుడు కాలంతో మొదలుపెట్టాలి, మందం తర్వాత రావాలి అన్నది నా వాదన. దీనికి ఎదురు మాటలు ఉన్నాయి, అవి కాస్త గట్టివే. వాటి దగ్గరికీ వస్తాను.

బయటికి పోవడం ఎంత నెమ్మదో

ముందు ఆ సార్ వైపు నుంచే ఆలోచిద్దాం. రెండు చదునైన బిళ్ళల మధ్య ద్రవం ఉంది, పైన బరువు పెట్టాం. ద్రవం అంచుల్లోంచి బయటికి పోవాలి. దీనికి ఎంతసేపు పడుతుందో 1874లో యోసెఫ్ స్టెఫాన్ లెక్క కట్టాడు. బిళ్ళల వ్యాసం 2 సెంటీమీటర్లు, మధ్యలో మామూలు నీళ్ళు, పైన 100 గ్రాముల బరువు అనుకుని ఆ సూత్రంలో అంకెలు వేసి చూడండి. పొర 10 మైక్రాన్లకు దిగడానికి పావు సెకను చాలు. 1 మైక్రాన్‌కి దిగాలంటే సుమారు 24 సెకన్లు. మైక్రాన్‌లో పదో వంతుకి దాదాపు 40 నిమిషాలు. 10 నానోమీటర్లకి (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు) రెండున్నర రోజుల పైమాటే. మందం పదో వంతు అయిన ప్రతిసారీ పట్టే కాలం వంద రెట్లు అవుతుంది. సున్నాకి దిగడమంటే ఇక ఎప్పటికీ జరగని పని.

అంటే "అక్కడే ఉంటుంది" అన్న మాటకి స్టెఫాన్ సాక్ష్యం చెబుతున్నట్టే. కాకపోతే ఆ లెక్క బిళ్ళలు పూర్తిగా నున్నగా ఉన్నాయని నమ్ముకుని వేసింది. ఎంత బాగా ఫినిష్ చేసిన షాఫ్ట్ మీదైనా మైక్రాన్‌లో కొంత వంతు ఎత్తున గరుకు ఉంటుంది. పొర ఆ ఎత్తుకి దిగేసరికి రెండు లోహాల మిట్టలు ఒకదాన్నొకటి తాకుతాయి, ఆయిల్ పల్లాల్లో మిగిలిపోతుంది. అప్పుడు వేలితో తడిమితే తడి తగులుతుంది. బరువు మోసేది మాత్రం లోహమే.

ఈ సూత్రంలో ఇంకో తమాషా ఉంది. బరువు అదే ఉంచి బిళ్ళ వ్యాసార్ధం రెట్టింపు చేస్తే కాలం 16 రెట్లు అవుతుంది. నట్టనడుమ ఉన్న ద్రవం ఆ ఇరుకు సందులోంచి అంత దూరం రావాలి మరి. అదే బిళ్ళని వంద చిన్న బిళ్ళలుగా విడగొట్టి మధ్యలో లోతైన గాడులు వదిలామనుకోండి, మొత్తం వైశాల్యమూ బరువూ అవే అయినా కాలం వందో వంతుకి పడిపోతుంది. చెట్టుకప్ప వేళ్ళ కొసన ఉండే మెత్తల్ని మైక్రోస్కోప్ కింద చూస్తే ఆరు భుజాల చిన్న చిన్న దిమ్మలు, వాటి మధ్య కాలువలు కనిపిస్తాయి. తడి ఆకు మీద వాలినప్పుడు నీరు వెళ్ళిపోయే దారులవి. టైరు మీది గాడుల పనీ అదే. హైవే స్పీడులో టైరులోని ఏ ముక్కైనా నేలకి ఆని ఉండేది కొద్ది మిల్లీసెకన్లే. ఆలోగా నీరు పక్కకి పోతే పట్టు దొరికినట్టు, లేదంటే బండి నీటి మీద తేలుతుంది. ఇక్కడ మందం ఎంతని అడిగి ఏం లాభం? పోవడానికి టైముందా లేదా అన్నదే అంతా.

నొక్కేది ఎప్పుడూ పైనున్న బరువే అనుకోకూడదు. రెండు మైక్రోస్కోప్ గాజు పలకలు తీసుకుని, ఒకదాని మీద నీటి చుక్క వేసి రెండోదాన్ని ఆనించండి. నీరు పాకుకుంటూ అంచుల దాకా వెళ్ళి ఆగుతుంది. పక్కకి తోస్తే పలకలు చులాగ్గా జారతాయి, తిన్నగా పైకి లాగితే మొండికేస్తాయి. అంచు దగ్గర నీటి తలం లోపలికి వంగి ఉంటుంది, అందువల్ల లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా తక్కువ. సందు 1 మైక్రాన్ ఉన్నచోట ఈ తేడా సుమారు 1.4 వాతావరణ పీడనాలు, అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు కిలోన్నర బరువు పెట్టినట్టు. సందు తగ్గే కొద్దీ ఈ లాగుడు ఇంకా పెరుగుతుంది. ఎవరూ నొక్కకుండానే పొర తనని తాను పల్చన చేసుకుంటుంది.

లోపలికి తెచ్చేది ఎవరు

బయటికి పోయే దారి ఇంత నెమ్మది కాబట్టే, దానికి ఎదురుగా కాస్త రాక ఉంటే చాలు పొర నిలబడుతుంది. ఈ సంగతి మనుషులకి అనుకోకుండా తెలిసింది. 1880లలో బ్రిటన్‌లో బీచమ్ టవర్ రైలు ఇరుసుల తరహా బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఆయిల్ పోయడానికి బేరింగ్ పైన ఒక రంధ్రం పెట్టాడు. షాఫ్ట్ తిరగడం మొదలయ్యాక ఆయిల్ లోపలికి పోవాల్సింది పోయి పైకి ఎగదన్నింది. బిరడా పెట్టాడు, తోసేసింది. చెక్క మేకు కొట్టాడు, అదీ బయటికి వచ్చింది. చివరికి గేజి బిగిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. బేరింగ్ మీద సగటు భారం చూస్తే 100 పౌండ్లే. షాఫ్ట్ ఆయిల్ మీద తేలుతోందన్నమాట. ఆయిల్‌కి అంత ఒత్తిడి ఎక్కడిదో 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ వివరించాడు. షాఫ్ట్ బేరింగుకి నట్టనడుమ ఉండదు, కాస్త పక్కకి ఒరుగుతుంది. దానివల్ల ఒకవైపు వెడల్పుగా మొదలై పోనుపోను ఇరుకయ్యే సందు ఏర్పడుతుంది. తిరిగే తలం తన జిగటతో ఆయిల్‌ని ఆ ఇరుకులోకి ఈడ్చుకెళ్తుంది. వచ్చినంతా ముందుకి పోలేదు కాబట్టి ఒత్తిడి లేస్తుంది. తిరగడం ఆగితే ఈడ్చేవాళ్ళే ఉండరు.

పెద్ద స్టీమ్ టర్బైన్ల దగ్గర పనిచేసినవాళ్ళకి ఇది పుస్తకంలో చదవాల్సిన విషయం కాదు. లూబ్ ఆయిల్ పంపు బేరింగుకి ఇచ్చే ఒత్తిడి ఒకటి రెండు బార్లు (ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం). పదుల టన్నుల రోటార్‌ని, అంటే టర్బైన్‌లో తిరిగే భాగాన్ని, అది కదిలించను కూడా కదిలించలేదు. రోటార్‌ని లేపేది రోటారే. మెషిన్ స్పీడు ఎత్తుతున్నప్పుడు కంట్రోల్ రూంలో షాఫ్ట్ సెంటర్‌లైన్ ప్లాట్ (బేరింగ్ లోపల షాఫ్ట్ నడిమధ్య ఎక్కడుందో చుక్కగా చూపే గ్రాఫ్) తెరిచి చూస్తే తెలుస్తుంది. చుక్క అడుగు నుంచి బయల్దేరి, ఒక పక్కకి ఒరుగుతూ, వంపు తిరిగి పైకి పాకుతుంది. రెనాల్డ్స్ సమీకరణం కళ్ళముందు గీసుకుంటూ పోతున్నట్టే ఉంటుంది. మరి స్పీడు లేనప్పుడు? అప్పటికోసమే జాకింగ్ ఆయిల్ పంపు వేరే ఉంది. వంద బార్ల స్థాయి ఒత్తిడితో కింద నుంచి ఆయిల్ కొట్టి షాఫ్ట్‌ని లేపి పట్టుకుంటుంది. "అక్కడే ఉంటుంది" అన్నది నిజమే అయితే ఆ పంపుకి పెట్టిన ఖర్చంతా దండగ.

ఈ మాటంటే మా మెయింటెనెన్స్ వాళ్ళలో సగంమంది ఇచ్చే జవాబు ఒకటుంది. "అంత టెన్షన్ ఎందుకు, చిక్కటి ఆయిల్ వేస్తే పొర మందంగా ఉంటుంది." ఇందులో నిజం లేకపోలేదు. 1902లో ష్ట్రీబెక్ చేసిన కొలతల దగ్గర్నుంచి తెలిసిందే, చిక్కదనమూ వేగమూ ఒకదాన్నొకటి గుణించుకునే వస్తాయి. వేగం సగమైతే చిక్కదనం రెట్టింపు చేసి సరిపెట్టుకోవచ్చు. అయితే వేగం సున్నా అయితే ఎంత చిక్కటి ఆయిల్‌తో గుణించినా వచ్చేది సున్నాయే. చిక్కటి ఆయిల్ ఎక్కువ వేడెక్కుతుంది, వేడెక్కి పల్చనవుతుంది, సన్న దారుల్లోంచి వచ్చి చేరడానికి బద్ధకిస్తుంది.

పైగా మందం ఎక్కువైతే మంచిదన్న నమ్మకమే తప్పు. తేలికపాటి భారంతో వేగంగా తిరిగే షాఫ్ట్ ఆయిల్ మీద మరీ సుఖంగా తేలుతుంటే, ఉన్నచోట ఉండక బేరింగ్ లోపల గిరగిరా చుట్లు కొట్టడం మొదలుపెడుతుంది. దీన్ని ఆయిల్ వర్ల్ అంటారు. వైబ్రేషన్ స్పెక్ట్రమ్‌లో (మెషిన్ ఏ వేగంతో ఎంత అదురుతోందో చూపే గ్రాఫ్‌లో) షాఫ్ట్ వేగంలో సగానికి కొంచెం తక్కువ దగ్గర గీత లేస్తే దీన్నే ముందు అనుమానించాలి. ఒకవైపు ఆయిల్ షాఫ్ట్‌తో పాటు పోతుంది, ఇంకోవైపు నిలబడ్డ బేరింగ్‌కి అంటుకుని ఉంటుంది, కాబట్టి సగటు వేగం సగం. ఈ జబ్బుకి చేసే వైద్యాల్లో భారం పెంచడం ఒకటి, అంటే చేతులారా పొరని పల్చన చేయడమే.

ఏ చోట మందం?

అసలు మందానికి ఒక్క అంకె ఇవ్వడమే చాలా సందర్భాల్లో కుదరదు. ద్రవం పాత్ర ఆకారం తీసుకుంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం. పల్చని పొర దగ్గరికొచ్చేసరికి పాత్రే ద్రవం చెప్పినట్టు వింటుంది. నీటిలో ఒక గాలి బుడగని గాజు పలక కిందికి నెమ్మదిగా చేర్చారనుకోండి. మధ్యలో ముందు తాకి అంచులు తర్వాత తాకాలని అనిపిస్తుంది. జరిగేది తిరగబడి ఉంటుంది. మధ్యలో ఒత్తిడి ఎక్కువ, అది మెత్తటి బుడగ నెత్తిని లోపలికి నొక్కుతుంది. నడుమ గుంట పడి నీరు అక్కడ చిక్కుకుంటుంది, చుట్టూ ఉంగరంలా ఉన్నచోట పొర అన్నిటికన్నా పల్చన. గుంటలోని నీరు బయటికి రావాలంటే ఆ ఉంగరాన్నే దాటాలి. 1939లోనే దెర్యాగిన్, కుసకోవ్ దీన్ని గమనించారు.

బుడగ మెత్తనిది కాబట్టి అనుకుంటాం, ఉక్కు కూడా ఇంతే చేస్తుంది. బాల్ బేరింగులో బంతి ఆనే చోట ఒత్తిడి పది వేల వాతావరణ పీడనాలు దాటుతుంది. ఉక్కు వంగుతుంది, అంత ఒత్తిడిలో ఆయిల్ దాదాపు గట్టిపడుతుంది. 1963లో గోహర్, కామెరన్ ఉక్కు బంతిని గాజు మీద ఆయిల్‌తో కదిలించి, మందాన్ని బట్టి మారే రంగుల పట్టీల సాయంతో పొరని చూశారు. నడుమ చదునుగా ఉంది, వెనకా పక్కలా గుర్రపునాడా ఆకారంలో పల్చబడింది. ఈ పొర లక్షణాల్లో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది భారాన్ని అది లెక్కచేయకపోవడం. భారం రెట్టింపు చేస్తే మందం తగ్గేది 5 శాతం లోపే. వేగం రెట్టింపైతే మాత్రం 60 శాతం దాకా పెరుగుతుంది. ముఖద్వారం దగ్గర ఎంత ఆయిల్ లోపలికొచ్చిందో, మందాన్ని అదే తేల్చేస్తుంది. లోపలికెళ్ళాక ఎంత నొక్కినా గట్టిపడిన ఆయిల్‌కి ఆ కాస్త వ్యవధిలో పక్కకి తప్పుకునే వీలుండదు.

నా వాదనకి గట్టి దెబ్బ

ఇక అసలైన అభ్యంతరం. ఎవరూ తేకపోయినా, ఏదీ కదలకపోయినా తమంతట తాము ఒక మందం దగ్గర ఆగే పొరలున్నాయి. తీగ చట్రాన్ని సబ్బు నీళ్ళలో ముంచి నిలువుగా పట్టుకుంటే, రంగుల పట్టీలు కిందికి జారుతూ పోయి, పైన వెండి రంగు వచ్చి, ఆ తర్వాత నల్లటి మచ్చ పుడుతుంది. కాంతి తరంగం పొడవు ముందు పొర మందం లెక్కలోకి రానంత తక్కువైనప్పుడు, ముందు తలం నుంచీ వెనక తలం నుంచీ వెనక్కొచ్చే కాంతి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అందుకే నలుపు. ఆ నల్ల మచ్చ అంచు చూడండి, కత్తితో కోసినట్టుంటుంది. మెల్లగా పల్చబడుతూ రావడం ఉండదు, ఒక మెట్టు దిగినట్టుంటుంది. పదుల నానోమీటర్ల దగ్గర ఒక మెట్టు, తగినంత ఉప్పు కలిపితే ఇంకా కిందికి 5 నానోమీటర్ల దగ్గర ఇంకో మెట్టు. రెండు తలాల మీదా ఉన్న విద్యుదావేశాలు ఒకదాన్నొకటి తోసుకోవడం, అణువుల మధ్య ఆకర్షణ లాగడం, ఈ రెండిటి సరితూకంలో పొర నిలుస్తుంది. దెర్యాగిన్ 1936లో దీన్నే పొర లోపలి అదనపు ఒత్తిడిగా చెప్పాడు.

ఇంకా కిందికి పోతే సంగతి మరీ స్పష్టం. అణువుల స్థాయిలో నున్నగా ఉండే అభ్రకం రేకుల మధ్య ఒక సిలికోన్ ద్రవాన్ని పెట్టి, 1981లో హార్న్, ఇస్రాయెలాష్విలి బలం కొలిచారు. దూరం తగ్గే కొద్దీ బలం ఒకసారి తోస్తుంది, ఒకసారి లాగుతుంది, ఒక్కో అణువు వెడల్పుకి ఒక్కో ఊగు. ద్రవం అక్కడ వరసలు కట్టి ఉంటుంది, పోతే వరస మొత్తం ఒకేసారి పోతుంది. ఈ స్థితిలో అది ద్రవమా, ఘనమా అన్న తగాదా దశాబ్దాల పాటు సాగింది. నీళ్ళ తీరు ఇంకా వేరు. ఆవేశాలున్న తలాల మధ్య నానోమీటరు లోపు సందులో కూడా నీరు నీరులాగే పారుతుందని 2001 నాటికి తేలింది.

కాబట్టి ఇక్కడ నేను తగ్గాల్సిందే. పదుల నానోమీటర్ల కింద, తలాలు ఒకదాన్నొకటి నేరుగా పసిగట్టే దూరంలో, మందం అనేది పొర సొంత లక్షణమే. అక్కడ ఆ అంకెని పట్టికలో వేసినా నాకు అభ్యంతరం లేదు.

అయితే ఆ మెట్టు దాకా పొర ఎలా దిగివచ్చిందో, ఎంతకాలం నిలుస్తుందో ఆ అంకె చెప్పదు. సబ్బు పొరనే తీసుకోండి. స్టెఫాన్ తరహా లెక్క వేస్తే అంత పల్చబడటానికి చాలా కాలం పట్టాలి, కళ్ళముందు నిమిషాల్లో అయిపోతుంది. చట్రం పక్క అంచుల వైపు జాగ్రత్తగా చూస్తే కారణం తెలుస్తుంది. అంచు దగ్గర మందపాటి పొరని చట్రం మూల లాగేసుకుంటుంది, దాని బదులు పల్చటి తునకలు పుట్టి, చుట్టూ ఉన్న పొరకన్నా తేలిక కాబట్టి రంగురంగుల సుడులై పైకి లేస్తాయి. పొర మొత్తం ఒకేలా పల్చబడదు, మందమైనదాన్ని ఇచ్చి పల్చటిదాన్ని తెచ్చుకుంటుంది. 1950ల చివర్లో మైసెల్స్ బృందం దీన్ని వివరించింది. ఇక ఆయుష్షు సంగతి. శుభ్రమైన నీటిలో రెండు బుడగలు తారసపడితే మధ్య పొర చూస్తుండగానే చిరిగిపోతుంది. సబ్బు కలిపితే అదే మందం దగ్గర గంటల తరబడి ఉండగలదు.

ఖనిజాల్ని నురగతో వేరుచేసే ఫ్లోటేషన్ సెల్స్ అంతా ఈ తేడా మీదే బతుకుతున్నాయి. నీటిలో పైకి లేస్తున్న బుడగ, కిందికి దిగుతున్న రాతి పొడి రేణువు ఒకదానికొకటి తగిలి ఉండేది మిల్లీసెకన్ల పాటే. ఆలోగా మధ్యలో ఉన్న నీటి పొర పల్చబడి చిరగాలి, అప్పుడే రేణువు బుడగకి అంటుకుని పైకి వస్తుంది. నీటిని ఇష్టపడే రాతి మీద పొర చిరగదు, రేణువు అడుక్కి పోతుంది. రెండు రేణువుల చుట్టూ ఒక క్షణంలో మందం ఒకటే అయినా ఒకటి సరుకు, ఇంకోటి చెత్త.

కంటి డాక్టర్లు ఈ విషయంలో మా ఇంజనీర్లకన్నా నయం. కంటి మీది కన్నీటి పొర మందం 3 మైక్రాన్ల లెక్క. రెప్ప లేచిన ప్రతిసారీ కొత్తగా పరుచుకుంటుంది, ఎంత మందంగా పరుచుకుంటుందన్నది రెప్ప వేగం మీద కూడా ఆధారపడుతుంది. కళ్ళు పొడిబారుతున్నాయని వెళితే వాళ్ళు ఆ మందం కొలవడానికి కూర్చోరు. రంగు చుక్క వేసి, రెప్ప వెయ్యొద్దని చెప్పి, పొరలో మొదటి నల్లమచ్చ ఎన్ని సెకన్లకి పడుతుందో లెక్కపెడతారు. 10 సెకన్ల లోపే పడితే తేడా ఉందని అనుమానిస్తారు.

మా లైన్‌లో దీనికి సమానమైన పని చేయొచ్చు, ఖర్చు కూడా లేదు. లాగ్‌బుక్కుల్లో బేరింగ్ ఎన్ని గంటలు నడిచిందో రాస్తాం. పూర్తి పొర మీద తిరిగిన గంటల్లో బేరింగ్ అరిగేది చాలా తక్కువ. అమెరికాలో సస్క్వెహానా నది మీద హోల్ట్‌వుడ్ జలవిద్యుత్ కేంద్రంలో 1912లో పెట్టిన కింగ్స్‌బరీ థ్రస్ట్ బేరింగ్ (షాఫ్ట్ పొడవు దిశలో పడే భారాన్ని మోసేది) దశాబ్దాల తరబడి అలాగే పనిచేసింది. దాని పలకలు వాటంతటవే కాస్త వంగి ఆయిల్‌కి ఇరుకయ్యే సందు ఏర్పరుస్తాయి. లోహం లోహాన్ని తాకేది స్టార్ట్ అయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ. గంటల కాలమ్ పక్కన స్టార్టులు ఎన్ని, ఆగడానికి పట్టిన నిమిషాలెన్ని, జాకింగ్ పంపు ఏ స్పీడు దగ్గర ఆన్ అయింది అని మూడు కాలమ్‌లు గీసుకుంటే, ఆ కుర్రాడి ప్రశ్నకి జవాబు ఏ మెషిన్‌కి ఆ మెషిన్ లెక్కన అందులోనే దొరుకుతుంది. మా షిఫ్టులో గీశాం. పక్క షిఫ్టువాళ్ళు ఇంకా గంటలే రాస్తున్నారు.